ఇచ్చి పుచ్చుకొనే పొరుగువారు



మా ముసునూరు వైపు వేసవి అంటే మామిడి. కోతలు మొదలైతే బుధవారపు బైబిలు స్టడీకి సగము మంది రారు. వచ్చిన వారిలో కూడ సగము మంది మనస్సు నున్న మార్కెట్టులో ఆ రోజు పలికిన ధర మీదనే ఉంటుంది. దీనికి మేము అలవాటు పడిపోయాము. ఆ నెలలలో పాఠము చిన్నదిగా చెప్పి ప్రార్థన పెద్దదిగా చేస్తాము. అటువంటి ఒక బుధవారమున ఎస్తేరు గ్రంథము తీసినపుడు, మా సంఘములోని ఒక రైతు సహోదరుడు అడిగిన ప్రశ్న ఈ నెల మా వ్యాసమునకు కారణము.

పరిశుద్ధ గ్రంథమంతటిలో మన దేశము పేరు కనబడేది ఎస్తేరు గ్రంథములోనే, అది కూడ రెండే చోట్ల. మొదటి అధ్యాయము మొదటి వచనములోను, ఎనిమిదవ అధ్యాయము తొమ్మిదవ వచనములోను. ఆ రెండు చోట్లను మన దేశము ఒంటరిగా లేదు. అహష్వేరోషు రాజ్యమునకు ఒక కొన మనము, రెండవ కొన కూషు దేశము. కూషు అంటే ఈజిప్టుకు దక్షిణమున ఉన్న ఆఫ్రికా భూమి. ఆసియా, ఆఫ్రికా రెండును ఒకే వాక్యములో, ఒకే రాజు లెక్కలో ఉన్నవి. ఈ సంగతి చెప్పి మేము ముందుకు పోబోతుండగా ఆ సహోదరుడు చేయి ఎత్తాడు.

"అయ్యగారండీ, ఆఫ్రికా అన్నారు గనుక అడుగుతున్నాను. మన గవర్నమెంటు వాళ్ళకి వేల కోట్లు ఇస్తోందని టీవీలో చెప్పారు. నా బోరు ఎండి రెండేళ్ళయింది. నాకివ్వని డబ్బు వాళ్ళకెందుకండీ? వాళ్ళకీ మనకీ ఏమిటి సంబంధం?"

వెనుక కూర్చున్న వారు నవ్వారు. మాకు మాత్రము నవ్వు రాలేదు. బోరు ఎండిన మనిషి అడిగే ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. "వచ్చే బుధవారము చెబుతామండీ" అన్నాము. చెప్పడానికి మూడు బుధవారములు పట్టింది. ఆ మూడు వారములలో చెప్పినది, అప్పుడు చెప్పలేకపోయినది కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట ఆయన తోట సంగతే చెప్పాలి. ఆయనకు తండ్రి నాటి మామిడి తోట ఉండేది. చిన్న రసాలు, బంగినపల్లి, కొద్దిగా కలెక్టరు. మంచు కురిసిన ఏట పూత రాలుట, తేనెమంచు పురుగు, చివరికి మార్కెట్టులో ధర లేకపోవుట, ఇవన్నీ చూచి విసిగి సగము తోట కొట్టించి పామాయిల్ వేశాడు. మా మండలములో రమణక్కపేట వైపు పోయినా, వేల్పుచర్ల వైపు పోయినా ఇదే వరస. ఇప్పుడు నెల నెలా గెలలు కోసి ట్రాక్టరులో కలెక్షన్ సెంటరుకు పంపుతాడు. పిల్లల ఫీజులు ఆ గెలల మీదనే కడుతున్నాడు.

ఆ చెట్టు ఎక్కడిది? పశ్చిమ ఆఫ్రికాలోని గినియా తీరపు అడవులది. దాని శాస్త్రీయ నామములోనే గినియా పేరు ఉన్నది. 1848లో నాలుగు మొక్కలు జావా దీవిలోని బోగోర్ ఉద్యానవనములో నాటారు. డచ్చివారి పాలన రోజులు అవి. ఆ నాలుగు మొక్కల సంతానమే సుమత్రాలోను, మలేషియాలోను లక్షల ఎకరములుగా పెరిగింది. ఆ మొక్కలు తీసుకొని పోయేటపుడు ఆఫ్రికావారిని అడిగిన వారు లేరు, తరువాత వారికి వాటా పంచిన వారును లేరు. ఒకప్పుడు పామాయిల్ ఎగుమతిలో లోకమంతటికి ముందున్న నైజీరియా ఈనాడు తానే పామాయిల్ దిగుమతి చేసుకొనుచున్నది. మన రాష్ట్రములో ఈ పంట 1980ల చివరి నుండి బలపడింది. 1995లో మన ఏలూరు పక్కన పెదవేగిలో దీని కోసము జాతీయ పరిశోధన కేంద్రము పెట్టారు. 2021లో కేంద్ర ప్రభుత్వము 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ మిషన్ ప్రకటించింది.

చెట్టు ఒక్కటే వస్తే చాలలేదు. పామాయిల్ చెట్టుకు మగ పూగెలలు వేరు, ఆడ పూగెలలు వేరు. మలేషియాలో చాలా ఏండ్లు కూలీలు తోటలన్నీ తిరిగి పుప్పొడిని చేతితో చల్లేవారు. గెలలో సగము కాయలు పట్టేవి కావు. గాలి చేసే పనేగదా ఇది అని అందరు అనుకొనేవారు. ఆఫ్రికాలో ఎవరూ చల్లకుండానే గెల నిండా కాయలెందుకు పడుతున్నవి అని ఒక కీటక శాస్త్రజ్ఞుడు కామెరూన్ వెళ్ళి చూచాడు. రహమాన్ సయ్యద్ అను ఈయన పాకిస్తాన్ వాడు. ఆయన కనుగొన్నది ఒక చిన్న ముక్కుపురుగు. మగ పువ్వు విచ్చినపుడు సోపు గింజల వంటి వాసన వస్తుంది. పురుగు దానిలోనే తిని, దానిలోనే గ్రుడ్లు పెడుతుంది. ఆడ పువ్వు కూడ ఇంచుమించు అదే వాసన వేసి దానిని మోసము చేస్తుంది. పురుగు ఒళ్ళంతా పుప్పొడితో అక్కడికి వచ్చి, తనకు కావలసినది లేదని తెలిసికొని వెళ్ళిపోతుంది. ఈలోగా పుప్పొడి అంటుకొంటుంది.

1981లో ఆ పురుగును కామెరూన్ నుండి తెచ్చి మలేషియా తోటలలో వదిలారు. 1985లో మన దేశమునకు తెచ్చి ముందు కేరళలో వదిలారు. తరువాత మన తోటలకు వచ్చింది. మీలో పామాయిల్ ఉన్నవారు ఉదయము ఎండ కాస్త పెరిగిన తరువాత విచ్చిన మగ పూగెల దగ్గర నిలబడి చూడండి. నల్లగా చీమలవలె కదులుతుంటాయి. మందు కొట్టి చంపకండి. ఆ సహోదరునికి ఇది చెప్పినపుడు, "అవా? నేను తెగులనుకున్నానండీ" అన్నాడు.

ఇది వాళ్ళు మనకు పంపినది. మరి మనము పంపినది?

మామిడి మన వైపు చెట్టు. చాలా శతాబ్దముల క్రితము వర్తకుల పడవలలో తూర్పు ఆఫ్రికా తీరము చేరింది. తరువాత పోర్చుగీసువారు పశ్చిమమునకు కొనిపోయారు. ఈ రోజు ఘనాలో, టోగోలో, బెనిన్‌లో ఊరి నడుమ నీడ చెట్టు మామిడే. అక్కడి పంచాయితీలు, పెండ్లి మాటలు, బడి పిల్లల ఆటలు అన్నీ దాని క్రిందనే. మనకు రావిచెట్టు రచ్చబండ ఎట్లాగో అట్లాగు.

1980ల మొదటిలో ఆ చెట్లకు తెల్లని పిండినల్లి పట్టింది. అది ఆఫ్రికాది కాదు. మన దక్షిణాసియాది. ఏ అంటుమొక్క మీద, ఏ ఓడలో వెళ్ళిందో చూచిన వారు లేరు. ఇక్కడ దానిని తినే శత్రువులు ఉన్నాయి గనుక మనకది పెద్ద బాధ కాదు. అక్కడ దానిని ఆపేది లేదు. ఆకుల మీద జిగురు కారి, ఆ జిగురు మీద మసి తెగులు పట్టి, చెట్టంతా నల్లబడింది. పూత ఆగింది. చెట్టు క్రింద కూర్చోలేక, కాపు లేక, జనము తాతల నాటి చెట్లను నరికివేశారు.

అప్పుడు శాస్త్రజ్ఞులు మందు డబ్బాలు పట్టుకొని పోలేదు. అంత ఎత్తు ఇంటి చెట్టుకు మందు కొట్టే స్తోమత ఎవరికున్నది? పురుగు ఎక్కడి నుండి వచ్చిందో అక్కడే దాని విరోధి ఉంటుందని మన దేశము వచ్చి వెదికారు. కందిరీగ జాతిలో, నువ్వుగింజ కంటె చిన్నదైన ఒక ఈగ దొరికింది. అది పిండినల్లి శరీరములో గ్రుడ్డు పెడుతుంది, పిల్ల దానిని లోపల నుండి తినివేసి బయటికి వస్తుంది. ఇతర పంటలకు హాని చేయదని పరీక్షలు చేసి, 1987లో టోగోలోను, మరుసటి ఏడు బెనిన్‌లోను వదిలారు. కొద్ది ఏండ్లలో చెట్లు మరల పచ్చబడ్డాయి. బెనిన్‌లో మామిడి రైతులను అడిగి లెక్క కట్టిన ఒక అధ్యయనము 2002లో వెలువడింది. ఆ ఈగ వలన ఒక్కొక్క రైతుకు ఏడాదికి సగటున 328 డాలర్ల మేలు జరిగిందని దానిలో తేలింది. ఆ ఈగకు జీతము లేదు, కరెంటు బిల్లు లేదు. ఈనాటికీ అది పని చేస్తూనే ఉన్నది.

పూర్తిగా మంచే పంపామని చెప్పుకోవడానికి వీలు లేదు. 2003లో మన వైపు పండు ఈగ కెన్యాలో కనబడింది. అక్కడి నుండి ఆఫ్రికా అంతటా వ్యాపించి మామిడి ఎగుమతులను దెబ్బ తీసింది. మా నూజివీడు రైతులు కాయకు కాయకు కవర్లు తొడిగేది దాని పోరు పడలేకే గదా. అదే పోరు అక్కడ వారిదీను.

రెండవ బుధవారము స్త్రీలు ఎక్కువగా వచ్చారు గనుక వంటింటి సంగతి చెప్పాము. జొన్న ఆఫ్రికాది. సజ్జ ఆఫ్రికాది. రాగి తూర్పు ఆఫ్రికా కొండలది. అలసంద అక్కడిదే. వేల ఏండ్ల క్రితమే సముద్రము దాటి వచ్చి మనవైపోయాయి. చింతచెట్టు సహితము ఆఫ్రికాదేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. "అయితే మన పులుసు కూడ వాళ్ళదేనా అయ్యగారూ?" అని ఒక అమ్మగారు నిజముగానే నొచ్చుకున్నారు. పులుసు మనదే, చింతపండే వారిదని సర్దిచెప్పాము. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ సంస్థ ఈ జొన్న, సజ్జల మీదనే పని చేసి, మంచి వంగడములను తిరిగి ఆఫ్రికా రైతుల చేతికి అందించుచున్నది. నైజర్ దేశములోను, కెన్యాలోను దానికి కేంద్రములు ఉన్నవి. వచ్చిన విత్తనము మెరుగై పుట్టింటికి పోవుట అంటే ఇదే.

ఇక మనుష్యుల సంగతి. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బను రేవు చేరింది. చెరకు తోటలలో పని చేయడానికి అయిదేండ్ల ఒప్పందము వ్రాసి వెళ్ళిన కూలీలు దానిలో ఉన్నారు. 1911లో ఆ వలస ఆగేసరికి సుమారు 1,52,000 మంది నటాలు చేరారు. వారిలో తెలుగువారు వేలాది మంది. ఒప్పందము ముగిసిన తరువాత స్వేచ్ఛగా నిలిచిపోదామనుకున్న వారి మీద 1895లో ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. నెలకు పది షిల్లింగుల జీతముతో మొదలైనవారికి అది ఎంత బరువో లెక్క వేసికొనండి. 1914లో గాని ఆ పన్ను పోలేదు.

ఆ కూలీల మధ్యకు మన తెలుగు సంఘము ఒక మిషనరీని పంపిందని మీలో ఎందరికి తెలుసు? మేము థియాలజీ చదివే రోజులలో అమెరికా నుండి, ఇంగ్లండు నుండి మనకు వచ్చిన దొరల పేర్లు కంఠస్థము చేశాము. నెల్లూరు లోన్ స్టార్ మిషన్, ఒంగోలు క్లౌ దొరగారు, 1878 జూలైలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము, ఇవన్నీ పరీక్షలలో వ్రాశాము. మన నుండి వెళ్ళినవారి గురించి ఒక్క ప్రశ్న రాలేదు. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు అయిన జాన్ రంగయ్యగారు 1903లో నటాలు వెళ్ళారు. ఆయనను పంపినది తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సొసైటీ. అనగా బీద తెలుగు విశ్వాసుల చందాలు. ఆయన కియర్స్‌నీ అను చోట తేయాకు తోట కూలీల మధ్య అదే సంవత్సరము సంఘము కట్టారు. 1915లో ప్రభువునందు నిద్రించారు. పిడికెడు బియ్యము తీసి పెట్టే అలవాటు ఉన్న మన అమ్మమ్మల కాలములో, ఒక పాస్టరు కుటుంబమును సముద్రము దాటించి పోషించారంటే ఆ కాలపు విశ్వాసులను ఏమనాలి! తరువాత 1931లో దక్షిణాఫ్రికా తెలుగువారు భాషను కాపాడుకొనుటకు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

ఈ కూలీల మూలముగానే మన దేశము ఆఫ్రికా రాజకీయములలోనికి వచ్చింది. 1946లో, మనకు స్వాతంత్ర్యము రాకముందే, దక్షిణాఫ్రికా వర్ణ వివక్షను మన దేశము ఐక్యరాజ్య సమితిలో ఎత్తి చూపింది, ఆ దేశముతో వర్తకము తెంచుకొన్నది. 1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో 29 దేశములు కూడాయి. వాటిలో ఆఫ్రికావి ఆరే. అప్పటికి మిగిలిన ఆఫ్రికా చాల మట్టుకు తెల్లవారి పాలనలో ఉన్నది. 1990లో చెర విడిచి వచ్చిన మండేలాకు అదే ఏట మనము భారతరత్న ఇచ్చాము. 2008లో ఢిల్లీలో, 2011లో అడిస్ అబాబాలో, 2015లో మరల ఢిల్లీలో భారత్ ఆఫ్రికా శిఖరాగ్ర సదస్సులు జరిగాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జి-20 సభలో ఆఫ్రికా యూనియన్‌కు శాశ్వత సభ్యత్వము ఇచ్చారు. ఫోటోలు పేపర్లలో చూచారు గనుక వాటి గురించి ఎక్కువ వ్రాయము.

మా సహోదరుడు అడిగిన వేల కోట్ల లెక్క మాత్రము చెప్పాలి. 2015 సదస్సులో మన ప్రభుత్వము ప్రకటించినది అయిదేండ్లకు వెయ్యి కోట్ల డాలర్ల రాయితీ ఋణము, 60 కోట్ల డాలర్ల సహాయము, 50,000 స్కాలర్‌షిప్పులు. పెద్ద అంకె అప్పు, దానము కాదు. వడ్డీతో తిరిగి రావలసినది. పైగా ఇటువంటి ఋణములో సాధారణముగా నూటికి 75 వంతుల సరుకు, పని మన దేశపు కంపెనీల నుండే తీసికొనాలన్న షరతు ఉంటుంది. కాబట్టి ఆ డబ్బులో ఎక్కువ భాగము మన ఫ్యాక్టరీలకే వస్తుంది. "నీ బోరు డబ్బు ఎవరూ ఆఫ్రికాకు పంపలేదు నాయనా" అన్నాము. ఆయన కాస్త శాంతించాడు.

అయితే మా మనస్సు శాంతించలేదు. సహకారము అని పేరు పెట్టి అమ్మకము చేసేటపుడు కనీసము అది అమ్మకమని ఒప్పుకోవాలి. పలాస జీడిపప్పు మనకు గొప్ప. అక్కడి మిల్లులలో పగులగొట్టే పిక్కలలో ఎన్నో ఆఫ్రికా నుండి మూటలుగా దిగుమతి అయినవి. పిక్క పండించినవానికి పిక్క ధరే. పప్పు ధర వేరొకరిది. ఇప్పుడు బెనిన్ వంటి దేశములు ముడి పిక్క బయటికి పోనివ్వక తామే పప్పు తీయాలని చూస్తున్నవి. మన మిల్లులవారు బాధపడతారు, నిజమే. కాని టన్నుల లెక్కన కాయ అమ్మి, అదే కాయ రసము సీసాలో కొనుక్కొనే మామిడి రైతు ఆ ఆఫ్రికా రైతు పక్షమున ఆలోచించలేడా?

మందుల సంగతి ఒకటి మేము మరువలేము. మేము పరిచర్యకు వచ్చిన కొత్తలో కోస్తా జిల్లాలలో ఎయిడ్స్ వ్యాధితో చనిపోయిన యవ్వనస్థుల సమాధి కూటములు ఎన్ని చేశామో లెక్క లేదు. లారీ డ్రైవర్లు, వారి భార్యలు, కొన్నిసార్లు బిడ్డలు. 2001కి ముందు ఆ మందులు ఒక మనిషికి ఏడాదికి పది వేల డాలర్లకు పైమాట. ఆ ఏడు ఫిబ్రవరిలో బొంబాయికి చెందిన సిప్లా కంపెనీ సుమారు 350 డాలర్లకు ఇస్తామన్నది. ఏప్రిల్‌లో, దక్షిణాఫ్రికా ప్రభుత్వము మీద కేసు వేసిన 39 విదేశీ మందుల కంపెనీలు కేసు వెనుకకు తీసికొన్నాయి. తరువాత మన హైదరాబాదు కంపెనీలు కూడ తయారీకి దిగాయి. ఆఫ్రికాలో లక్షల మందికి మందు కావలసి వచ్చినందున పెద్ద ఎత్తున తయారై ధర ఇంకా దిగింది. 2004 నుండి మన ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా ఇవ్వసాగారు. మా సంఘములో ఈ రోజు ఆ మాత్ర వేసికొని పొలము పని చేసికొనుచున్న వారున్నారు. వారు బ్రతకడములో ఆఫ్రికా రోగుల పాలు కూడ ఉన్నదని మేము మూడవ బుధవారము చెప్పినపుడు ఒక సహోదరి తల దించుకొని కన్నీరు తుడుచుకొన్నది.

ఇంత వ్రాసిన తరువాత మా తప్పు ఒకటి ఒప్పుకోకపోతే ఈ వ్యాసము అబద్ధమగును.

మూడేండ్ల క్రితము మే నెలలో మా సంఘపు కుర్రవాడు తన కాలేజీ స్నేహితుని వెంటబెట్టుకొని వచ్చాడు. ఘనా దేశపు యువకుడు, వ్యవసాయ శాస్త్రములో పై చదువు, మన ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద వచ్చినవాడు. ఆదివారము ఆరాధనలో వానిని ముందుకు పిలిచి నిలబెట్టి, మేము పెద్ద స్వరముతో ప్రార్థన చేశాము. చీకటి ఖండమునకు వెలుగు దయచేయుమన్నాము. ఆకలితో ఉన్న ఆ బిడ్డలకు ఆహారము దయచేయుమన్నాము. సంఘమంతా ఆమేన్ అన్నది. కుర్రవాడు వాని చెవిలో తర్జుమా చేస్తున్నాడు. కొంతసేపటికి తర్జుమా ఆపివేశాడని మేము గమనించలేదు.

భోజనముల దగ్గర ఆ యువకుడు ఎంతో మర్యాదగా అడిగాడు. "పాస్టరుగారూ, మా ఊరు కేప్ కోస్ట్. మాది మెథడిస్టు సంఘము. 1835లో మొదలైంది. మీ సంఘము ఎప్పుడు కట్టారు?" మా మందిరము పునాది రాయి మీది సంవత్సరము చెప్పడానికి మాకు నోరు రాలేదు. వాని తండ్రి హెడ్మాస్టరు. వాని తాత సంఘ పెద్ద. తరువాత మా కుర్రవాడు చెప్పాడు, చదివే ఊరిలో వానికి గది అద్దెకు ఇవ్వడానికి ఏడు ఇండ్లవారు కాదన్నారని, అందులో రెండు ఇండ్ల గోడల మీద వాక్యము వ్రాసి ఉన్నదని. 2016 మే నెలలో ఢిల్లీలో కాంగో దేశపు యువకుని కొట్టి చంపినపుడు, 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను గుంపులు కొట్టినపుడు, అది ఎక్కడో ఉత్తరాదిన అనుకొన్నాము. ఆ రోజున మా అన్నము మాకు సహించలేదు.

యిర్మీయాను గోతిలో నుండి పాత బట్టలు, త్రాళ్ళు వేసి పైకి లాగినవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు. ప్రభువు సిలువ మోసినవాడు కురేనీయుడైన సీమోను. కురేనే అంటే నేటి లిబియాలోనిది. హేరోదు కత్తి నుండి శిశువైన యేసును దాచినది ఐగుప్తు. అంతియొకయ సంఘములో పౌలు మీద చేతులుంచి పంపిన వారి మధ్య నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ ఉన్నారు. ఇవన్నీ ఎన్నోసార్లు బోధించాము. ఆ యువకుడు మా ఎదుట నిలబడినపుడు ఒక్కటి గుర్తు రాలేదు.

సాయంత్రము వానిని ఆ రైతు సహోదరుని తోటకు తీసికొని పోయాము. మామిడి చెట్లు చూచి ఊరకున్నాడు, ఇంటిలో ఉన్నవే గదా. పామాయిల్ వరుసలలోనికి పోగానే నవ్వు మొదలు పెట్టాడు. చెట్టును తట్టి, "ఇది మా ఇంటి మనిషి" అన్నాడు. రాలిన ఎఱ్ఱని పండ్లు ఏరి జేబులో వేసికొన్నాడు. "వీటితో ఏం వండుతారు మీరు?" అన్నాడు. ఏమీ వండము, ఫ్యాక్టరీకి పంపుతామన్నాము. "ఇన్నేళ్ళలో ఒక్కసారీ తినలేదా?" అన్నాడు. ఆ సహోదరుని ముఖము చూడాలి. ఎన్నో ఏండ్లుగా టన్నులు టన్నులు పండించిన మనిషి, ఆ పండు ఒక్కటి నోటిలో వేసికొని ఎరుగడు.

ఆ రాత్రి వంట వాని చేతి మీదుగానే జరిగింది. పండ్లు ఉడకబెట్టి, రోట్లో దంచి, వేడి నీళ్ళు పోసి పిసికి, పీచు వడకట్టాడు. ఎఱ్ఱగా చిక్కగా దిగిన ఆ రసములో ఉల్లి, టమాటా, పచ్చిమిరప, నాటుకోడి వేసి గంటసేపు మరగనిచ్చాడు. సహోదరుని తల్లి, డెబ్బది దాటిన మామ్మ, పొయ్యి పక్కనే పీట వేసికొని కూర్చొని ప్రతిదీ చూచింది. ఉప్పు తానే వేసింది. "కాస్త చింతపండు పడితే ఇంకా బాగుండును నాయనా" అన్నది. వేడి అన్నములో కలుపుకొని అందరము తిన్నాము. మామ్మ మాత్రము రెండుసార్లు వడ్డించుకొన్నది.

పిండినల్లి సంగతి, ఈగ సంగతి మాకు తెలిసినది ఆ రాత్రి అరుగు మీదనే. వాని నాయనమ్మ ఇంటి ముందరి మామిడి 1980లలో నల్లబడి నరికించారట. పక్కింటివారు నరకలేదు, మూడేండ్లకు అది మరల కాసింది. ఇప్పటికీ ఆ పక్కింటి చెట్టును చూచి నాయనమ్మ ఏడ్చేదని చెప్పాడు.

తెల్లవారి బయలుదేరునపుడు మామ్మ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి వాని చేతిలో పెట్టింది. చిన్న రసము టెంకలు నాలుగు, కడిగి ఎండబెట్టినవి. "మీ నాయనమ్మ చెట్టు పోయిన చోట వేసుకోండి" అన్నది. వాడు కవరు తీసికొని, చాలసేపు చూచి, మెల్లగా అరుగు మీద పెట్టాడు. అనుమతి లేకుండ విత్తనము గాని మొక్క గాని దేశము దాటించకూడదని, అట్లా దాటినదే ఆనాటి పురుగని మా కుర్రవాని చేత చెప్పించాడు. మామ్మకు కోపము వచ్చింది. "నేను పురుగు పంపుతానా?" అన్నది. వాడు వంగి ఆమె పాదములు తాకాడు. అది ఎవరు నేర్పారో మాకు తెలియదు.

ఆ నాలుగు టెంకలు మామ్మ మా మందిరము ఆవరణలో, బోరింగు పక్కన పాతింది. మూడు మొలిచాయి. ఒకటి మేకలు తినివేశాయి, ఒకటి ఎండకు పోయింది. మిగిలినది ఈ వేసవికి మా నడుము ఎత్తు దాటింది. టెంక మొక్క గనుక కాపుకు ఇంకా నాలుగైదేండ్లు పట్టవచ్చు. ఆదివారము ఆరాధన అయిన తరువాత మామ్మ దానికి ఒక బిందె నీళ్ళు పోయించి గాని ఇంటికి పోదు. "అప్పటికి నేనుంటానో లేదో అయ్యగారూ, మొదటి కాయకు ఆ అబ్బాయిని రమ్మని ఉత్తరం రాయండి" అన్నది మొన్న. ఉత్తరములు ఇప్పుడెవరు రాస్తున్నారని ఫోనులో చెప్పాము. వాడు తప్పక వస్తానన్నాడు, ఈసారి చింతపండు వేసి వండుతానని మామ్మతో చెప్పమన్నాడు.